లెక్కలోకి రాని నొప్పులు

డాక్టర్ సిగర్డ్‌సన్ వెళ్తూ వెళ్తూ తలుపు పూర్తిగా వెయ్యలేదు, బెత్తెడు సందు వదిలింది. ఆ సందులోంచి నడవాలో ఎవరో నవ్వుతున్న చప్పుడు, బండి చక్రం కీచుమనడం, ఏ గదిలోంచో మాడిన బ్రెడ్డు వాసన ఒకదాని వెనక ఒకటి లోపలికి వస్తున్నాయి. మంచం మీద ఎడమ పక్కకి తిరిగి పడుకున్న జనెల్ పెనర్‌కి మాత్రం అవేవీ ఆనడం లేదు, డాక్టరు వదిలిపోయిన మాటలే గదిలో కుర్చీ వేసుకుని కూర్చున్నాయి. ఇంకో గంటలో వచ్చి మళ్ళీ చూస్తాను, గర్భసంచి మూతి ఇంకాస్త తెరుచుకుని ఉంటే ఇక ఆపడం మన చేతిలో లేదు, పాప ఈ సాయంత్రమే వచ్చేస్తుంది, వస్తే ఏం చెయ్యాలో మీరు చెప్పాలి, పై అంతస్తు నుంచి పసిపిల్లల డాక్టర్లని పిలిచి బతికించే ప్రయత్నం చెయ్యమంటారా, లేక గొట్టాలూ సూదులూ ఏవీ లేకుండా మీ గుండెల మీద పడుకోబెట్టమంటారా, ఇరవై రెండు వారాలప్పుడు రెండూ సరైన జవాబులే, ఎవరూ మిమ్మల్ని ఏమీ అనరు. ఎవరూ అనరట. అనడానికి అసలు ఎవరున్నారని, అనుకుంది జనెల్. ఫారం మీద బిడ్డ తండ్రి అన్న చోట అడ్డగీత గీసింది తనే, దగ్గరివాళ్ళ పేరు అన్న చోట చాలాసేపు పెన్ను పట్టుకుని ఆలోచించి ల్యాబులో తన కింద పనిచేసే డార్సీ పేరు రాసిందీ తనే.

నొప్పులు ఆపడానికి మింగిన మాత్ర పని మొదలెట్టినట్టుంది, మొహం వేడెక్కింది, చెవుల వెనక దబ్‌దబ్‌మని కొట్టుకుంటోంది. దీని ఇంటిపేరుతో సహా తెలుసు తనకి. కండరం బిగుసుకోవాలంటే ఒక్కో కణంలోకీ కాల్షియం దూరాలి, ఈ మందు వెళ్ళి ఆ గుమ్మాల దగ్గర అడ్డంగా నిలబడుతుంది, కాల్షియం బయటే ఉండిపోతుంది, కండరం వదులవుతుంది, అంతే సంగతి. పాఠం చెప్పినన్నాళ్ళూ ఎంత తేలిగ్గా చెప్పింది ఆ అంతే సంగతి అన్న మాట. అడ్డంగా నిలబడినవాడు ఎంతసేపు నిలబడతాడు, వెనకనించి తోసేవాడికి ఎంత బలముంది, అది ఏ తల్లిలో ఎలా ఉంటుందో చెప్పగలిగినవాళ్ళు లేరు, తనూ చెప్పలేదు, ఆ ఒక్క ముక్క తెలుసుకోవాలనే పదిహేనేళ్ళు ఈ పరిశోధనలో పడి ఉంది. తొమ్మిది నెలలు గర్భసంచి నోరు మూసుకుని ఉండేలా చూసేది ప్రొజెస్టెరాన్, ఊరుకో ఊరుకో అని కణాలన్నిటి చెవిలో పోరుతూ ఉంటుంది, అది పోరినంతకాలం ఆ కణాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు, జనవరి చలిలో ఈ విన్నిపెగ్‌లో బస్సెక్కిన జనంలా ఎవరి కోటులో వాళ్ళు ముడుచుకుని ఎవరి కిటికీలోంచి వాళ్ళు చూసుకుంటూ కూర్చుంటాయి. ఒకటో రెండో కాస్త వణికినా పక్కదానికి తెలియదు. నెలలు నిండాక ఆ పోరు వినిపించడం మానేస్తుంది, కణానికీ కణానికీ మధ్య చిన్న చిన్న తలుపులు పుట్టుకొస్తాయి, ఒకటి తుమ్మితే అన్నీ ఉలిక్కిపడతాయి, అందరూ కలిసి ఒక్క పట్టు పడతారు, అప్పుడు పైనించి ఆక్సిటోసిన్ వచ్చి పట్టండి పట్టండి అంటుంది. అంటే ఆ కండరం ఒంటరిగా ఉన్నంతకాలమే బిడ్డ క్షేమం. ఈ మాట క్లాసులో అన్నప్పుడు పిల్లలు నవ్వేవాళ్ళు. ఒంటరితనంలో తనంత అనుభవం ఉన్న మనిషి కడుపులో ఇది మాత్రం ఇంత తొందరగా ఎక్కడ నేర్చుకుందో కలిసిమెలిసి ఉండటం, జనెల్‌కి నవ్వొచ్చింది, నవ్వితే పొట్ట బిగుస్తుందేమోనని ఆపుకుంది.

బిగిసింది. నవ్వినందుకు కాదు, దాని మానాన అది. వీపులో కింద ఎక్కడో మొదలై రెండు పక్కలనించీ ముందుకొచ్చి పొట్ట మొత్తాన్ని ఒక పిడికిట్లోకి తీసుకుంది. పక్కనున్న మానిటర్ మీద గీత కదలనే లేదు. ఇంత చిన్న కడుపుకి కట్టిన మానిటర్ బెల్టు ఏదీ సరిగ్గా పట్టదని తనకి తెలుసు, తెలిసినా గీత వైపే చూసింది, చూడకుండా ఉండటం చేతకాదు, పదిహేనేళ్ళుగా గీతల్నే నమ్మింది. పిడికిలి మెల్లగా విప్పుకుంది. పొద్దున్నించీ ఇలాగే వస్తూనే ఉన్నాయి కదా. ఈ సంగతి తలుచుకోకూడదనుకుంటూనే తలుచుకుంది, పంటి కింద ఇరుక్కున్న దాని దగ్గరికి నాలుక పోయినట్టు మనసు అక్కడికే పోతోంది.

పొద్దున ల్యాబులో ఏమైంది. ఏమీ కాలేదు, రోజూ అయ్యేదే అయింది. ఆపరేషన్ గదినించి డబ్బా వచ్చింది, మంచులాంటి ఉప్పునీళ్ళలో వేలిగోరంత గర్భసంచి కండరం ముక్క, సిజేరియన్ చేసేప్పుడు కోత అంచున తీసి ఇచ్చింది. ఆ ముక్క ఇచ్చినామె దగ్గరికి తనే వెళ్ళి అడిగింది, నీలం టోపీ పెట్టుకుని, మొహానికి ఆ అడగబోయే చిరునవ్వు తగిలించుకుని. ఆమె భర్త చెయ్యి పట్టుకుని పడుకుని ఉంది, తీసుకోండి, నాకింక దాంతో ఏం పని, అంది. ఆ ముక్కని సన్నని పోగుల్లా కోసి, రెండు చివర్లా పట్టుదారంతో ముడివేసి, వెచ్చని నీళ్ళ గాజుగొట్టంలో వేలాడదీసింది. వేలాడదీశాక మొదటి గంటా ఆ కండరం పిచ్చిపిచ్చిగా ముడుచుకుంటుంది, కోసినందుకు, లాగినందుకు, చలిలోంచి వేడిలోకి వచ్చినందుకు. ఆ గంటలో వచ్చినవేవీ లెక్కలోకి రావు. నీళ్ళు మార్చాలి, ఊరుకోవాలి, అది కుదుటపడి తన లయలో తను ముడుచుకోవడం మొదలెట్టాకే కొలవాలి. కొత్తగా చేరిన ప్రతివాళ్ళకీ తను చెప్పే మొదటి మాట అదే, తొందరపడి కొలవకండి, దాన్ని కుదుటపడనివ్వండి. ఇది ఎంత గట్టిగా ఒంటబట్టిందంటే, దాన్ని వేలాడదీస్తున్నప్పుడే తన పొట్ట బిగుసుకుంటే, బల్ల అంచు పట్టుకుని నిలబడి, ఇది కుదుటపడుతోందిలే అనుకుంది. మళ్ళీ బిగుసుకుంటే నీళ్ళు తాగింది. గాజుగొట్టంలో నీళ్ళు మార్చినట్టే, సాక్షాత్తూ అలాగే, ఒక గ్లాసు నీళ్ళు తాగి మొదటి గంట లెక్కలోకి రాదు అనుకుంది. ఇంకెవరైనా ఆడమనిషైతే, ఏ కిరాణా కొట్లో బల్ల దగ్గర నిలబడే మనిషైనా, భయపడి ఫోన్ చేసి ఉండేది. భయపడటానికి అంత చదువు అక్కర్లేదు, భయపడకుండా ఉండటానికే అంత చదువు కావలసి వచ్చింది తనకి.

డార్సీ చూశాడు చివరికి. సెల్‌కర్క్ ఊరినించి రోజూ పాత ట్రక్కేసుకుని వస్తాడు, యాభై దాటిన మనిషి, ముగ్గురు పిల్లల తండ్రి, ల్యాబులో తనతో పరాచికాలాడే ధైర్యం ఉన్నది అతనొక్కడికే.

"బాసూ, ఆ బల్ల ఎక్కడికీ పారిపోదు, అంత గట్టిగా పట్టుకోకు" అన్నాడు మొదట. రెండోసారి ఆ నవ్వు లేదు. "కోటు వేసుకో. కరెంటు పెట్టి ట్రక్కు ఇంజను వేడిగానే ఉంచా, ప్లగ్గు పీకేసి వచ్చా."

"కండరం ఇప్పుడే కుదుటపడుతోంది డార్సీ."

"దాని మొహం. నువ్వు కోటు వేసుకుంటావా, నన్ను ఎత్తుకెళ్ళమంటావా?"

ల్యాబు ఉన్నది ఆస్పత్రి వెనక భవనంలోనే, అయినా ఆ గాలిలో నడవనివ్వకుండా ట్రక్కులో చుట్టూ తిప్పి తీసుకొచ్చాడు. ఈ మంచం దాకా వచ్చి, టోపీ చేతిలో నలుపుకుంటూ ఆ మూల నిలబడి, నేనుంటాలే అన్నాడు. అప్పుడు తను ఏమంది. నువ్వెళ్ళు, ఆ ముక్క పాడైపోతుంది, ఆవిడ ఊరికే ఇవ్వలేదు, అంది. మనుషుల్ని పంపెయ్యడం తనకి వెన్నతో పెట్టిన విద్య, ఎంత మర్యాదగా పంపేస్తుందంటే వాళ్ళు వెళ్ళేది వాళ్ళ పని మీదే అనుకుంటారు. డార్సీ మాత్రం అలా అనుకోలేదు, వెళ్తూ ఒకసారి తిరిగి చూశాడు. ఉండు అన్న ఒక్క మాట అప్పుడు నోటిదాకా వచ్చింది, తను దుప్పటి అంచు సర్దుకుంటూ కూర్చుంది.

మారివిక్ లోపలికొచ్చింది. పొట్టి మనిషి, నర్సు, మనీలా దగ్గర ఏదో ఊరినించి వచ్చి ఇక్కడ ఇరవై చలికాలాలు చూసింది, ఇంకా ప్రతి చలికాలాన్నీ కొత్తగా తిడుతుంది. మానిటర్ గీత వైపు ఒక చూపు చూసి దాన్ని లెక్కచెయ్యకుండా జనెల్ చొక్కా పైకి జరిపి పొట్ట మీద అరచెయ్యి ఆనించి కూర్చుంది.

"ఈ మిషను మాటలు నమ్మకండి డాక్టరమ్మా. నా చెయ్యి చెబుతుంది."

"నేను ఆ డాక్టర్ని కాదు, మారివిక్."

"తెలుసు తెలుసు, మాత్రలు రాయని డాక్టరు. ఫైల్లో చూశాలే. తలనొప్పా?"

"కొంచెం."

"మాత్ర పనిచేస్తోందన్నమాట. తలనొప్పి మంచిదే, ఇవాళ్టికి."

ఆ చెయ్యి వెచ్చగా, కాస్త గరుగ్గా ఉంది, సబ్బుతో కడిగి కడిగి బరకెక్కిన చెయ్యి. చాలా నెలలైంది ఇంకో మనిషి చెయ్యి తన ఒంటి మీద ఇంతసేపు ఉండి, బిడ్డ కోసం వెళ్ళిన క్లినిక్‌లో సన్నని గొట్టంతో పని ముగించిన డాక్టరు కూడా చేతొడుగులతోనే, శుభం జరగాలి అని భుజం తట్టి వెళ్ళిపోయాడు. ఇంకో నొప్పి రావాలని, ఇప్పుడొకటి వస్తే ఈ చెయ్యి ఇక్కడే ఉంటుందని, ఒక్క క్షణం అనిపించింది జనెల్‌కి, అనిపించినందుకు తన మీద తనకే రోత పుట్టింది. ఏమీ రాలేదు. మారివిక్ కాసేపు చూసి, పక్కగదిలో కవలలున్నారు, వాళ్ళమ్మ ఒకటే కేకలు, ఇప్పుడే వస్తా, అని లేచింది. చెయ్యి ఉన్నచోట పొట్ట చల్లబడింది.

ఫోన్ మోగింది, అమ్మ. ఎప్పుడూ ఆదివారం తప్ప చెయ్యదు. గురువారం పూట ఎందుకు చేసిందో, ఆవిడకీ ఏ సంకేతమో అంది ఉంటుందా, రక్తంలో తిరిగే హార్మోన్లు కాకుండా ఇంకేవో ఉంటాయా మనుషుల మధ్య, ఉంటే వాటిని ఏ గాజుగొట్టంలో వేలాడదీసి కొలుస్తారు.

"ఏమే, పనిలో ఉన్నావా?"

"ల్యాబులో ఉన్నానమ్మా."

"ఇక్కడ మంచుగాలికి హైవే మూసేశారు. మీ నాన్న పొద్దున్నించీ కిటికీ దగ్గర నిలబడి గాలిని తిడుతున్నాడు, అదేమన్నా వినిపించుకుంటుందా. చర్చి వాళ్ళ కోసం జున్ను పెట్టి వరేనికీ కుడుములు చేస్తున్నాం, హిల్డా పిన్ని పిండి నీళ్ళునీళ్ళుగా కలిపి కూర్చుంది, చెబితే మూతి ముడుచుకుంది. గొంతేంటి అలా ఉంది?"

"జలుబు."

"మెడకి ఏదన్నా చుట్టుకో. తింటున్నావా?"

కడుపు సంగతి ఆవిడ అడిగే పద్ధతి అదొక్కటే. మొగుడు లేకుండా, పేరు తెలియని మనిషి వల్ల, క్లినిక్‌లో తెచ్చుకున్న బిడ్డ అని చెప్పిన రోజున ఆవిడ ఏమీ అనలేదు, లేచి వెళ్ళి కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది. హిల్డా పిన్నికి ఇంకా చెప్పలేదు, చర్చిలో ఎవరికీ చెప్పలేదు. ఈ రాత్రికి పాప వచ్చి వెళ్ళిపోతే, చెప్పవలసిన అవసరమే ఉండదు అమ్మకి. ఈ ఆలోచన ఎక్కడినించి వచ్చిందో గానీ వచ్చి మంచం మీద కూర్చుంది.

"తింటున్నానమ్మా."

"పక్కన ఎవరైనా ఉన్నారా, తలుపు చప్పుడయింది?"

"ఉన్నారు" అంది జనెల్. నవ్వుకుంటూ నడవాలో ఎవరో వెళ్ళిపోయారు. "పనుందమ్మా, ఉంటాను."

చెప్పి ఉంటే ఏం చేసేది ఆవిడ, మూసిన రోడ్డు మీద మంచు తోసే బండి వెనకాలే వచ్చేసేదా, వచ్చేసేదేమో. చెప్పనివ్వంది అమ్మ కాదు, తనే. ఫోన్ దుప్పటి మీద బోర్లా పెట్టింది. కిటికీలో వెలుగు అప్పుడే పలచబడుతోంది, కింద కార్లన్నీ ఇంజన్లు గడ్డకట్టకుండా కరెంటు తీగలకి కట్టేసి నిలబడి ఉన్నాయి. ఇంకెంతసేపట్లో వస్తుందో డాక్టరు. జవాబు కావాలి. ఇలా మంచం పక్కన నిలబడి ఎన్నిసార్లు తను జవాబు అడిగింది, తొందరేం లేదు, మీ ఇష్టం, కాదన్నా పర్వాలేదు, అని. ఒకామె మాత్రం, ఆ ముక్క మీ దగ్గర ఎంతసేపు బతికుంటుంది, అని అడిగింది. సాయంత్రం దాకా అని చెప్పింది తను. అంతసేపూ అది ముడుచుకుంటూనే ఉంటుందా అని అడిగింది. అవును అంది. లోపల ఎవరూ లేకుండానే, అని ఆమె అంది, అడిగినట్టు కాదు, తనలో తను అనుకున్నట్టు.

ఎవరు పంపారు ఈ సంకేతం. నెలలు నిండిన బిడ్డ తన ఊపిరితిత్తులు సిద్ధమయ్యాక నేను వస్తున్నాను అని లోపలినించి తనే కబురు పెడుతుందని గట్టిగా నమ్మేవాళ్ళున్నారు ఈ శాస్త్రంలో, తనూ నమ్ముతుంది. అయితే ఈ పాప ఏ కబురూ పెట్టలేదు. దాని పేరు చెప్పి ఇంకెవరో తలుపు కొట్టారు, ఏ మూలనో పుట్టిన చిన్న మంట, దానికి ఎగసి నొప్పులు తెచ్చే ప్రోస్టాగ్లాండిన్, దొంగకబురు. పాపకి అసలు విషయమే తెలియదు. అరచేతిలో పట్టేంత ఉంటుంది, కళ్ళు ఇంకా అతుక్కునే ఉంటాయి. పై అంతస్తులో అలాంటి వాళ్ళని తను చూసింది, రక్తనాళాలు కనిపించే చర్మం, ముట్టుకుంటే ఊడొచ్చేంత పలచగా, దాని మీద అతికించిన పట్టీలు, మొహం కనపడనంత గొట్టాలు. వాళ్ళలో ఇళ్ళకి వెళ్ళినవాళ్ళున్నారు. బడికి వెళ్ళేవాళ్ళూ ఉన్నారు, గోడ మీద ఫోటోలున్నాయి. ఫోటోల్లేనివాళ్ళ సంగతి గోడకి తెలియదు. దానికి నొప్పి వద్దు, అనుకుంది జనెల్. ఎవరో పంపిన దొంగకబురుకి అది నెలల తరబడి సూదులు పొడిపించుకోవడం నాకు వద్దు. ఇది మంచి మాటే, ఎవరి ముందైనా చెప్పగలిగిన మాటే. అయితే దాని కింద ఇంకోటుంది, దాన్ని తోసేస్తే మళ్ళీ వస్తోంది. చూపు లేకుండానో, నడవలేకుండానో అది బతికితే, దాన్ని ఎత్తుకుని ఆ మూడో అంతస్తు ఫ్లాటులో నేనొక్కదాన్ని, ఏ సాయంత్రమూ ఎవరూ రాని ఆ ఇంట్లో, నేను పోయాక దాన్ని ఎవరు చూస్తారు. నా వల్ల కాదు. దానికి నొప్పి వద్దు అన్నది దాని కోసమా, నా కోసమా, రెండూ ఒకే నీళ్ళలో కలిసిపోయాయి, ఇక విడదియ్యడం తన వల్ల కాలేదు. వద్దని చెబుతాను. ప్రయత్నం చెయ్యొద్దు, నా గుండెల మీద పెట్టండి చాలు. మాటల్ని నోట్లోనే వరస పెట్టి చూసుకుంది, గొంతు వణక్కుండా వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ. అలా అనుకోగానే ఏడుపు వస్తుందనుకుంది. రాలేదు, హాయిగా అనిపించింది. బరువు దింపుకున్న మనిషికి వచ్చే హాయి అది. అంత హాయిగా అనిపించడమే తట్టుకోలేకపోయింది జనెల్. దిండులో మొహం దాచుకుంది.

డాక్టర్ సిగర్డ్‌సన్, వెనకాల మారివిక్ వచ్చారు. దీపం వెలిగింది, చేతొడుగులు చటుక్కుమన్నాయి, చల్లగా ఉంటుంది అన్నారు, చల్లగా ఉంది. జనెల్ పైకప్పు చూస్తూ వరసగా పెట్టుకున్న మాటల్లో మొదటి మాట పట్టుకుని సిద్ధంగా ఉంది.

"ఏమీ మారలేదు" అంది డాక్టరు. "ఎంత ఉందో అంతే ఉంది. నొప్పులెలా ఉన్నాయి?"

"ఇందాకటినించీ ఏమీ లేవు నా చేతికి" అంది మారివిక్.

నిజమే. ఎప్పుడు ఆగాయో జనెల్ గమనించనే లేదు.

"మందు పట్టింది. రేపటిదాకా చూద్దాం, తర్వాత ఎల్లుండి దాకా. ఒక్కో రోజూ లాభమే మనకి." డాక్టరు చేతొడుగులు తీసి బుట్టలో వేసింది. "ఆ ప్రశ్న ఇవాళ్టికి పక్కన పెట్టెయ్యండి. మీరు జవాబు చెప్పక్కర్లేదు."

జనెల్ తలాడించింది. చెప్పక్కర్లేని జవాబు నోట్లో అలాగే ఉండిపోయింది, మింగినా పోలేదు. డాక్టరు వెళ్ళిపోయింది, ఈసారి తలుపు పూర్తిగా వేసింది. మారివిక్ బెల్టు విప్పి, దుప్పటి భుజాల దాకా కప్పి, దిండు సర్ది, వెళ్ళబోయి ఆగింది.

"ఒకటి అడుగుతా, ఏమనుకోకండి. ఏం చెబుదామనుకున్నారు ఆవిడకి?"

"ప్రయత్నించమని" అంది జనెల్.

"నాకు తెలుసు. ఇందాక మీ మొహం చూస్తేనే తెలిసిపోయింది నాకు." మారివిక్ దుప్పటి మీదుగా ఆమె పాదం ఒకసారి నొక్కి వదిలింది. "పడుకోండి ఇంక. తల్లీకూతుళ్ళు ఇద్దరూ పడుకోండి."

గదిలో ఎవరూ లేరు. కిటికీ అవతల చీకటిపడింది, వీధి దీపాల కింద మంచుపొడి అడ్డంగా ఎగురుతోంది. కాసేపటికి లోపల పాప కదిలింది, వేలితో లోపలినించి ఒకసారి తట్టినట్టు, ఆగి ఇంకోసారి. వద్దనుకున్న సంగతి దానికి తెలియదు, ఎప్పటికీ ఎవరూ చెప్పరు, తెలిసిన మనిషి ఒక్కతే. జనెల్ చెయ్యి దుప్పటి మీదే ఉంది. పొట్ట జానెడు దూరంలో ఉంది, అక్కడిదాకా రావడానికి ఆ చేతికి మొహం చెల్లలేదు.